కాంటా గదిలో ఎవరూ ఆపనిది

నేను రాసిన నాలుగు వాక్యాల కాగితం వల్ల ఒక మనిషి కొలువు పోయేదాకా వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో జరిగిన సంగతి ఇది. అక్కడ కంప్యూటర్ల బాధ్యత నాది. మొత్తం పద్నాలుగు ఉండేవి. పదమూడు ఆగిపోయినా ఎవరూ నన్ను పెద్దగా అడిగేవారు కాదు. గేటు పక్కన కాంటా గదిలో ఉన్నది ఆగితే మాత్రం పది నిమిషాల్లో మేనేజర్ ఫోన్ వచ్చేది.

కాంటా అంటే లారీలు తూచేది. నేలలో దించిన పెద్ద ఇనుప పలక మీదికి లారీ ఎక్కితే, గదిలో ఉన్న చిన్న డబ్బాలో ఎర్రటి అంకెల్లో బరువు కనిపిస్తుంది. ఆ డబ్బా నుంచి ఒక తీగ కంప్యూటర్‌కు వస్తుంది. కంప్యూటర్‌లో ఉన్న తూకం ప్రోగ్రాం ఆ అంకెను చదివి చీటీ అచ్చు వేస్తుంది. చీటీ లేనిదే లారీ లోపలికీ రాదు, బయటికీ పోదు. బాయిలర్‌కు వరి ఊక తెచ్చే లారీలన్నీ పొద్దున్నే వచ్చేవి. అరగంట ఆలస్యమైతే వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయేది.

ఆ గదిలో మూడు షిఫ్టులకు ముగ్గురు మనుషులు. పొద్దుటి షిఫ్టు మనిషి కంది దగ్గరి ఊరివాడు, ముప్పై దాటినవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. వేళ్లు చూడకుండా టైపు చేస్తాడని రద్దీ ఉండే పొద్దుటి షిఫ్టు ఎప్పుడూ అతనికే ఇచ్చేవారు. నాలుగేళ్లుగా కాంట్రాక్టర్ కింద టెంపరరీ. ఆ యేడు పర్మనెంటు చేస్తామని మాట ఇచ్చి ఉన్నారు. రెండో షిఫ్టు పెద్దాయన పద్దెనిమిదేళ్లు లోపల రసాయనాలు మరిగించే రియాక్టర్ల మీద పనిచేసి, ఆసిడ్ పడి కుడిచేయి సరిగా ముడుచుకోకపోవడంతో కాంటాకు మారినవాడు. మూడోవాడు రాత్రి షిఫ్టు మనిషి. అతను వచ్చే వేళకు నేను ఇంట్లో ఉండేవాణ్ణి కాబట్టి పెద్దగా పరిచయం లేదు.

ఒక శనివారం పొద్దున కాంటా కంప్యూటర్ మొద్దుబారింది. మౌస్ కదిపితే బాణం గుర్తు లెక్కపెట్టుకున్నట్టు కదిలింది. బయట హారన్లు. నేను పరుగున వెళ్లి, చూసే ఓపిక లేక, రీసెట్ బటన్ నొక్కాను. మళ్లీ లేచాక చురుగ్గా పనిచేసింది. అప్పుడు లోపల వెతికితే సీడీ పెట్టే చోట పాటల సీడీ ఒకటి, పాటలు వాయించే ప్రోగ్రాం ఒకటి కనిపించాయి. డ్యూటీలో పాటలేంటని పొద్దుటి షిఫ్టు మనిషిని మందలించి, ప్రోగ్రాం తీసేసి, నా గదికి వెళ్లి మేనేజర్‌కు నాలుగు వాక్యాలు రాశాను. కాంటా గది కంప్యూటర్ ఆగిపోయింది. అందులో పాటల సీడీ, పాటల ప్రోగ్రాం దొరికాయి. ప్రాసెసర్ మీద భారం పడటానికి అదే కారణం. ప్రోగ్రాం తొలగించాను.

అంతే రాశాను. సంతకం చేశాను. భోజనానికి వెళ్లిపోయాను.

తర్వాతి గురువారం పొద్దున అది మళ్లీ మొద్దుబారింది. నేను సంగారెడ్డిలో మా ఇంకో గోడౌన్‌లో ఉన్నాను. ఫోన్‌లోనే రీసెట్ నొక్కమన్నాను. పొద్దుటి షిఫ్టు మనిషి నొక్కాడు, పని సాగింది. కానీ ఆ లోపల మేనేజర్ గేటు దగ్గరికి వచ్చి వరసలో ఉన్న లారీలను చూశాడు. శుక్రవారం నన్ను పిలిచాడు.

"మీరు తీసేసిన పాటల ప్రోగ్రాం మళ్లీ వేసుకున్నట్టున్నాడు. ఒకసారి చెప్పినా వినని మనిషి మనకెందుకు? సోమవారం ఆపేస్తున్నా. కాంట్రాక్టర్‌కి చెప్పేశాను."

"మళ్లీ వేశాడో లేదో నేను చూడలేదు సార్."

"మీ కాగితం ఉంది కదా. అది చాలు."

ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది.

మా నాన్న గుంటూరు వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వరంగ కర్మాగారంలో ఫిట్టరుగా చేరడానికి వచ్చారు. నేను పెరిగింది ఆ క్వార్టర్స్‌లో. మా క్రైస్తవ సంఘం మొదట ఒక రేకుల షెడ్డులో కూడుకునేది. తర్వాత అందరూ ఇటుకలు మోసి మందిరం కట్టుకున్నారు. ఆదివారం పిల్లల బడిలో వాక్యాలు కంఠతా పట్టించేవారు. అర్థం తర్వాత తెలుస్తుంది, ముందు నోట్లో పెట్టుకో అనేది మా టీచరమ్మ. అట్లా నోట్లో పెట్టుకున్న వాటిలో బైబిలు ధర్మశాస్త్రంలోని ఒక నియమం ఉంది. ఒక మనిషిని దోషిగా నిలబెట్టాలంటే ఒక్క సాక్షి మాట చాలదు, ఇద్దరైనా ముగ్గురైనా కావాలి. పదేళ్లకే నేను దాన్ని తడబడకుండా చెప్పేవాణ్ణి, బహుమతిగా పెన్సిల్ డబ్బా కూడా తెచ్చుకున్నాను.

ఆ ఆదివారం ఆరాధనలో ఒప్పుకోలు ప్రార్థన వచ్చినప్పుడు నాకు వేరే పాపాలేవీ గుర్తుకు రాలేదు. ఆ కాగితంలోని మూడో వాక్యమే వచ్చి నిలబడింది. సీడీని చూశాను, నిజం. ప్రోగ్రాంను చూశాను, నిజం. అదే కారణమని మాత్రం చూడలేదు. రీసెట్ నొక్కి, ఉన్న ఆనవాళ్లన్నీ నేనే చెరిపేసి, తర్వాత కంటికి దొరికినదాని మీద నేరం మోపాను. అతని మీద ఉన్న ఒకే ఒక్క సాక్షిని నేను. ఆ సాక్ష్యం కూడా ఊహ.

ఇది తెలిశాక నాకు భయం వేయలేదు. ఏం చేయాలో స్పష్టంగా తెలిసినప్పుడు మనసుకు ఒక బలం వస్తుంది. దేవుడు తప్పును చూపించేది సరిదిద్దుకునే వేళ ఉండగానే అని నా నమ్మకం. ఆ నమ్మకం నన్ను ఇప్పటిదాకా మోసం చేయలేదు. గురువారం రీసెట్ తర్వాత ఆ కంప్యూటర్‌ను ఎవరూ ఆపలేదు. కారణం ఏదైనా సరే అది ఇంకా లోపలే ఉంటుంది. సోమవారం పొద్దుటికి ముందు వెళ్లి చూడాలి, అంతే.

ఆదివారాలు నేను పనికి వెళ్లేవాణ్ణి కాదు. మందిరం మెట్లు దిగుతూ స్కూటర్ తాళం తీస్తుంటే మా ఆవిడ, "ఈరోజు కూడానా?" అంది. సంగతి చెప్పాను. "అయితే భోజనం తర్వాత చేద్దురుగాని, ముందు వెళ్లండి," అంది.

ఒంటిగంటకు కాంటా గదికి చేరాను. లారీలు లేవు. అతను కుర్చీలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏంది సార్, ఇయ్యాల గిట్ల వచ్చిన్రు? ఇంక ఏమన్న రాసేది మిగిలిందా?"

"రాయడానికి కాదు, చూడడానికి వచ్చాను."

"సూడుండ్రి. సీడీ పెట్టేకాడ ఏం లేదు. నా సంచి గూడ సూడుండ్రి. డబ్బల పచ్చిపులుసు ఉన్నది, అది గూడ రాసుకోండ్రి."

నేను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. "పోయిన వారం శనివారం నేను రాసింది సరిగ్గా చూసి రాసింది కాదు. అందుకే వచ్చాను," అన్నాను.

అతను అన్నం కలపడం ఆపి నా మొహం చూశాడు. మళ్లీ కలిపాడు. "కాంట్రాక్టర్ నిన్ననే ఫోన్ చేసిండు సార్. రేపు బట్టలు, బూట్లు జమ చెయ్యమన్నడు. ఇంట్ల ఇంక చెప్పలే. ఏమని చెప్త? పాటలు విన్నందుకు తీసేసిన్రని చెప్త?"

నేను తల వంచి రెండు మాటలు లోపలే ప్రార్థించుకుని టాస్క్ మేనేజర్ తెరిచాను. కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం ఎంత పనిచేయిస్తోందో చూపించే పట్టిక అది. ప్రాసెసర్ ఎంత నిండిందో చెప్పే ఆకుపచ్చ గీత పైకప్పుకు అంటుకుని ఉంది. వందకు వంద. ఒక్క లారీ లేదు, ఒక్క చీటీ అచ్చు కావడం లేదు, అయినా వంద.

తెరిచి ఉన్న ప్రోగ్రాంల వరస చూస్తే ఒకటే ఉంది, తూకం ప్రోగ్రాం. పాటల ప్రోగ్రాం లేదు. తెర వెనక నడిచేవాటి పట్టిక తిప్పాను. సీడీ దొరికిన శనివారం నేను చూడాల్సింది ఇదే. డబ్బా నుంచి బరువు చదివే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. తూకం ప్రోగ్రాం తెరవగానే అది వెనక మొదలవుతుంది. అది ఒకటి ఉండాలి. అక్కడ అదే పేరు ఒకదాని కింద ఒకటి పది సార్లు ఉంది. వాటిలో ఒకటి నిదానంగా, దాదాపు సున్నాలో ఉంది. మిగతా తొమ్మిదీ తలా పదకొండు చొప్పున ప్రాసెసర్‌ను పంచుకుంటున్నాయి.

"గురువారం రీసెట్ చేసినప్పటి నుంచి ఇప్పటికి ఎన్ని షిఫ్టులు?" అని అడిగాను.

అతను వేళ్లు మడిచాడు. తర్వాత గోడకు వేలాడుతున్న షిఫ్టు రిజిస్టర్ తీసి చూశాడు. "గురువారం మూడు, శుక్రారం మూడు, శనారం మూడు. ఇయ్యాల నాది ఒకటి. పది."

పట్టికలోనూ పది. నాకు రెండో సాక్షి దొరికాడు. కానీ ఎందుకు పది అన్నది ఇంకా తెలియదు. ప్రతి షిఫ్టు మనిషీ తన నంబరు కొట్టి తూకం ప్రోగ్రాం కొత్తగా తెరవాలి, అది పద్ధతే. దిగిపోయే మనిషి మూసేసి పోవాలి. మూస్తే వెనకది కూడా ఆగాలి. మూయడం లేదా?

"మూస్తున్నం సార్, మూయకుంట ఎట్ల పోతం?" అన్నాడు అతను, కొంచెం కోపంగా.

"అయితే రెండింటికి నువ్వు దిగేటప్పుడు ఎప్పుడూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి. నేను మాట్లాడను."

రెండుకు పది నిమిషాల ముందు పెద్దాయన వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగాడు.

"సారూ, ఇయ్యాల మీ దేవుని కాడ హాజరు ఏపిచ్చుకోలేదా?"

"వేయించుకునే వచ్చాను పెద్దాయనా."

"మంచిగైంది. ఈ కంప్యూటర్ డబ్బ కోసం గూడ ఒక మాట చెప్పకపోయిన్రు, జెర జల్దీ లేస్తుండె."

"నా మాట ఆయన విన్నట్టే ఉంది, మీరు కూర్చోండి."

ఇద్దరూ షిఫ్టు మార్చుకున్నారు. ముందు నిలబడి, ప్లాంటు లోపల చెప్పుకున్నట్టే చెప్పుకున్నారు. "నడుస్తుంది కాకా," అన్నాడు దిగేవాడు. "తీసుకున్న," అన్నాడు ఎక్కేవాడు. తర్వాత అతను తూకం ప్రోగ్రాం మూయడానికి నొక్కాడు. తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. బరువు చదవడం ఆపాలా అని దాని అర్థం. కింద యస్, నో. అతను ఆలోచించకుండా నో నొక్కాడు. కిటికీ మూసుకుంది. పెద్దాయన కూర్చుని, ఎడమచేత్తో తన నంబరు కొట్టి ప్రోగ్రాం తెరిచాడు. పట్టికలో అదే పేరు పదకొండోసారి వచ్చింది.

"నో ఎందుకు నొక్కావు?" అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "మరేం నొక్కాలె సార్? నడిచేదాన్ని ఆపు అంటమా?"

పెద్దాయన కుర్చీ ఇటు తిప్పాడు. "సారూ, మీరు కుర్చీల కూసునేటోళ్లు, మీకు తెల్వదు. నడుస్తున్న రియాక్టర్‌ను డ్యూటీ దిగేటోడు బంద్ జేసి పోతే ఏమైతదో ఎర్కేనా? లోపలున్నది గడ్డ కడ్తది. మూడు దినాలు గడ్డపారతోని కొట్టాలె. ఒకడు గట్ల చేసిండు, వాన్ని అదే దినం ఇంటికి తోలిన్రు. దిగేటోడు బంద్ చెయ్యొద్దు. ఎక్కేటోడు సూస్కోవాలె. వీళ్లకు ఈ కాంటా మీద నేనే నేర్పిన."

"ఎక్కేవాడు చూసుకున్నాడా?"

"ఏం సూసుకోవాలె? నాది నేను తెరుస్త. నా కంటె ముందటిది ఆడ కనవడదు గద?"

నిజమే, కనబడదు. ఇద్దరి చేతుల్లోనూ తప్పు లేదు. ప్లాంటులో ప్రాణం కాపాడే అలవాటునే ఈ గదిలోకి తెచ్చుకున్నారు. తప్పు ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. మొదటిసారి ఆగడానికి వారం ముందు ఈ ప్రోగ్రాం పెట్టిన రోజు ముగ్గురికీ నేనే నేర్పాను. తెరవడం చూపించాను, తూచడం చూపించాను, చీటీ అచ్చు వేయడం చూపించాను. రాత్రీపగలూ నడిచే ఫ్యాక్టరీ కదా అని మూయడం చూపించలేదు. పైగా భయపడకండి, ఇది కూడా మీ ప్లాంటులో మిషన్ లాంటిదే అని ధైర్యం చెప్పాను. వాళ్లు నా మాట నమ్మి దాన్ని ప్లాంటు మిషన్‌లాగానే చూసుకున్నారు.

ఇక నిరూపించాలి. చిన్నప్పుడు మా సంఘంలో మైకుల పెట్టె నా చేతిలో ఉండేది. పాట మధ్యలో గుయ్‌మని మోత మొదలైతే మా పాస్టరు కంగారుపడేవారు కాదు. ఒక్కొక్క మైకు తగ్గిస్తూ పో, దొంగ తనే దొరుకుతాడు అనేవారు. అలాగే చేద్దామని పట్టికలో ఒకదాన్ని ఎంచి ఆపాను. ఆకుపచ్చ గీత కదలలేదు. రెండోది ఆపాను. వందే. మూడోది. వందే.

"ఏం దిగలే సారూ," అన్నాడు పెద్దాయన. "ఇగ నా నంబరు గూడ తీసేస్తరా ఏంది?"

 గీతను వదిలి అంకెలు చూశాను. ఇందాక పదకొండు చొప్పున తిన్నవి ఇప్పుడు పద్నాలుగు చొప్పున తింటున్నాయి. ఒకటి పోతే దాని వాటా మిగతావి పంచుకుంటున్నాయి. అప్పుడు అర్థమైంది. బరువు తెచ్చే తీగను ఒక్కటే పట్టుకోగలదు. మొదట వచ్చింది పట్టుకుంది, అది నిదానంగా తన పని చేసుకుంటోంది, అందుకే చీటీలన్నీ సరిగ్గా వచ్చాయి, ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత వచ్చినవన్నీ తీగ ఇవ్వు, తీగ ఇవ్వు అని ఊపిరి తీసుకోకుండా అడుగుతున్నాయి. ఆ అడగడమే ప్రాసెసర్‌ను తింటోంది. ఒక్కటి మిగిలినా వందకు వంద తింటుంది. ఎక్కువైనకొద్దీ తూకం ప్రోగ్రాంకు దక్కేది తగ్గుతుంది.

తొందర లేకుండా ఒక్కొక్కటే ఆపుతూ పోయాను. పదహారు, ఇరవై, ఇరవై ఐదు, ముప్పై మూడు, యాభై. తొంభై తొమ్మిది దగ్గర ఒక్కటి మిగిలింది. దాన్ని ఆపాను. గీత గోడ మీద నుంచి జారినట్టు కిందికి పడింది. మూడు.

దిగిపోవాల్సిన మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. వంగి గీతను చూశాడు. "మరి నా పాటలు?"

"నీ పాటలు కాదు."

అతను టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. పెద్దాయన మాత్రం వీపు మీద చరిచాడు. "సచ్చినోడా, బతికినవ్ పో."

"ఇంక బతకలే కాకా. రేపు సార్ మాట మేనేజర్ సార్ ఇనాలె గద."

సోమవారం ఎనిమిదిన్నరకు మేనేజర్ గదిలో ఉన్నాను. ఆయన హైదరాబాద్ మనిషి. మేనేజర్ కావడానికి ముందు పన్నెండేళ్లు ప్లాంటులో కెమిస్టుగా రియాక్టర్ల దగ్గర నిలబడ్డవాడు. జరిగింది చెప్పాను. నేను నేర్పకపోవడం వల్ల జరిగిందని కూడా చెప్పాను. ఆయనకు నచ్చలేదు.

"ఆ శనివారం ఒకటి రాస్తారు, ఈ సోమవారం ఇంకోటి చెప్తారు. రేపు మీ మాటకు విలువేముంటుంది?"

"శనివారం రాసింది నేను చూడకుండా రాసింది సార్. ఇది చూసి చెప్తున్నది."

"పాస్టరుగారూ," అన్నాడు, చిరాకు వచ్చినప్పుడు నన్ను అలాగే పిలిచేవాడు, "జాలిపడి కథ చెప్పడం లేదు కదా?"

"జాలికి అబద్ధం అవసరం లేదు సార్. ఐదు నిమిషాలు కాంటా గదికి రండి. నేను ముట్టుకోను. మీరే చేయండి."

ఆయన వచ్చాడు. ఊక లారీలు అప్పుడే వెళ్లిపోయి గది ఖాళీగా ఉంది. పొద్దుటి షిఫ్టు మనిషి లేచి గోడకు ఆనుకున్నాడు. బూట్లు తుడిచి తెచ్చాడు, జమ చేయమంటే చేయడానికి. ఉన్నవన్నీ ఆపేసి, గీత కిందికి దిగాక, మేనేజర్‌ను కుర్చీలో కూర్చోబెట్టాను. ఒక నంబరు కొట్టి తూకం ప్రోగ్రాం తెరవమన్నాను. తెరిచాడు. గీత అడుగునే ఉంది.

"ఇప్పుడు మీ షిఫ్టు అయిపోయింది సార్. మూసేసి లేవండి."

ఆయన మూయడానికి నొక్కాడు. ప్రశ్న వచ్చింది. ఆయన వేలు నేరుగా నో మీదికి వెళ్లింది. నొక్కేశాడు.

 "ఇంకో షిఫ్టు మొదలైంది, మళ్లీ తెరవండి," అన్నాను. తెరిచాడు. ఆకుపచ్చ గీత లేచి పైకప్పుకు తగిలింది, అక్కడే ఉండిపోయింది.

"ఇదేంటి?"

"ఇందాక ఆపాలా అని అడిగితే మీరు వద్దన్నారు సార్. అందుకు."

"నడుస్తున్నదాన్ని ఎలా ఆపమంటాం?" అనేశాడు ఆయన.

గోడ దగ్గర నుంచి దగ్గు లాంటిది ఒకటి వినిపించింది. పొద్దుటి షిఫ్టు మనిషి నవ్వు ఆపుకుంటున్నాడు. మేనేజర్ అతని వైపు చూశాడు, నా వైపు చూశాడు, గీత వైపు చూశాడు. పన్నెండేళ్ల అలవాటు ఆయన వేలితోనే సాక్ష్యం చెప్పింది. ఆ సాక్షిని కాదనడానికి ఆయనకు దారి లేదు. మంచి మనిషి, దారి వెతకలేదు కూడా. కుర్చీలోంచి లేచి, "ఎంతసేపు నిలబడతావ్, కూర్చో," అన్నాడు అతనితో. బయటికి పోతూ గుమ్మం దగ్గర ఆగి, "కాంట్రాక్టర్‌కి నేను చెప్తా. ముగ్గురికీ మూయడం నేర్పండి. నాతో సహా," అన్నాడు నాతో.

ఆయన వెళ్లాక నేను అతని చేయి పట్టుకుని క్షమించమని అడిగాను. మందిరంలో అందరి ముందు సాక్ష్యం చెప్పడం నాకు అలవాటే గాని, ఒక మనిషి ఎదుట నిలబడి నావల్ల జరిగింది అనడం అంత తేలిక కాదు. మాట సరిగ్గానే వచ్చింది. అతను చేయి విడిపించుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు.

"నోటితోని చెప్పిన్రు సార్, బాగనే ఉన్నది. కానీ నా మీద రాసింది కాగితం మీద రాసిన్రు. అది ఫైల్ల ఉన్నది. రేపు ఈ సార్ పోయి ఇంకో సార్ వస్తడు. పర్మనెంటు టైముకు ఫైలు తీస్తడు. ఏం సదువుతడు?"

నిజమే. అక్కడే కూర్చుని తెల్ల కాగితం తీసి రాశాను. కంప్యూటర్ ఎందుకు ఆగిపోయిందో, పది ఎట్లా పోగయ్యాయో, మూయడం నేర్పని తప్పు నాదని, ఈ మనిషి వల్ల ఏ నష్టమూ జరగలేదని, శనివారం నాటి నా కాగితంలో రాసిన కారణం తప్పని రాశాను. పాటల సీడీ సంగతి ఎత్తలేదు. అతనికి మేలు చేస్తున్నాననుకున్నాను. చదవమని ఇచ్చాను.

అతను పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"సీడీ సంగతి లేదు సార్."

"దాని వల్ల ఏమీ కాలేదు కదా, ఎందుకని రాయలేదు."

"సీడీ నాదే. డ్యూటీల పాటలు పెట్టిన, అది నిజం. అది గూడ రాయుండ్రి. పాటలు పెట్టిండు, దానికి మందలించినం, కంప్యూటర్ ఆగింది దానితోని కాదు అని రాయుండ్రి. సగం రాస్తే మిగిలిన సగం ఎవడో రాస్తడు."

అంతకుముందు అంత నిజాయితీగా నా ముందు ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. కాగితం తీసుకుని ఆ వాక్యం చేర్చాను, అతను చెప్పిన మాటల్లోనే. కింద సంతకం చేశాను. "పాత కాగితం చించేయమని మేనేజర్‌ను అడుగుతాను," అన్నాను.

"వద్దు సార్. రెండు ఉండనీయండ్రి, పక్క పక్కకు. ఒకటే ఉంటే ఈ రెండోది ఎందుకు రాసిన్రో ఎవరికి సమజ్ అయితది?"

అంతలో బయట హారన్ మోగింది. ఒక ఊక లారీ ఆలస్యంగా వచ్చి, పలక మీద సగం ఎక్కి ఆగింది. అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎన్క చక్రాలు ఎక్కియ్యన్నా, సగం లారీకి చీటీ ఇయ్యాల్నా?" అని అరిచాడు. డ్రైవర్ ఏదో తిట్టాడు, ఇతనూ ఏదో అన్నాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని మేనేజర్ గది వైపు నడిచాను.